మూడు దారులు కలిసిన చోటు
(యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం)

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మనలో చాలామందిమి తాతయ్యల నోటో, తెలుగు వాచకంలోనో విని ఉంటాము. భీమవరంలో పుట్టారు, అమెరికా వెళ్ళారు, ప్రాణాలు నిలబెట్టే మందులు తయారు చేయించారు, నోబెల్ బహుమతి రాకుండానే పోయారు. కథ సాధారణంగా అక్కడ ఆగిపోతుంది. కానీ ఆ కథకు ఇంకొక అధ్యాయం ఉంది. అది ఆయన పోయిన 70 ఏళ్ళకు, 2018లో తెలిసింది. ఆయన బతికి ఉన్న రోజుల్లో ఎవరూ పేరైనా వినని ఒక చిన్న అణువు దగ్గర ఆయన పనులన్నీ వచ్చి కలిశాయి. ఆ అణువు పేరులో మనందరికీ బాగా తెలిసిన మాట ఒకటి ఉంది: ట్రాన్స్‌ఫర్. అందుకే ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాము.

భీమవరం నుంచి మద్రాసు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో ఏడుగురు పిల్లలు. తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూ శాఖలో ఉద్యోగం. ఆరోగ్యం చెడిపోవడంతో ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడమే కష్టమైంది. ఇక చదువు సంగతి చెప్పాలంటే, చిన్నప్పుడు సుబ్బారావుకు పుస్తకాల మీద పెద్ద మనసు లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి బయలుదేరాడట. పెద్దవాళ్ళు వెనక్కి తీసుకువచ్చారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కాడు. పన్నెండో తరగతి బోర్డు పరీక్ష తలుచుకుని భయపడే అన్నయ్యలూ అక్కయ్యలూ ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మంచిది.

1913లో తండ్రి పోయారు. తల్లి వెంకమ్మ గారు నగలు అమ్మి కొడుకును చదివించారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరిపోతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. ప్రజలకు సేవ చేయాలంటే వైద్యం కూడా ఒక మార్గమే అన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అప్పటికి గాంధీగారి పిలుపు దేశమంతా వినిపిస్తున్నది. సుబ్బారావు గారు శస్త్రచికిత్స గదికి ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. అది పై వారికి నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి ఆయన చేతికి వచ్చింది ఎంబీబీఎస్ పట్టా కాదు, దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్. ఒక గౌను బట్ట ఆయన జీవితాన్ని ఎంత దూరం వెంటాడిందో ముందు ముందు చూద్దాము.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం పలచబడిపోతుంది. తరవాత అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పారు. అయితే తన సోదరులను చంపింది ఏమిటి, వాళ్ళ రక్తానికి కరువైంది ఏ పదార్థం అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. దానికి జవాబు వెతకడానికి విదేశం వెళ్ళాలనుకున్నారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థా డబ్బు సాయం చేశారు. భార్య శేషగిరి గారిని పుట్టింట వదిలి 1920ల మొదట్లో ఆయన ఓడ ఎక్కారు.

బోస్టన్‌లో నీలి రంగు

అమెరికాలో బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల ఉంది. అక్కడ ఉష్ణమండల వైద్యం చదవడానికి చేరారు. కానీ చేతిలో ఉన్నది ఎల్ఎంఎస్ పట్టా. దానితో ఆసుపత్రిలో డాక్టరు పని దొరకలేదు. పూట గడవడం కోసం ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. పగలు చదువు, రాత్రి ఆ పని.

డిప్లొమా అయ్యాక సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని ప్రకటించారు. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, తరవాత మరొక రసాయనం వేస్తే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో దీనిని ఇప్పటికీ జీవరసాయన విద్యార్థులు నేర్చుకుంటారు.

కొలబద్ద చేతికి వచ్చాక కొత్త విషయాలు కనిపించడం మొదలైంది. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టారు. మనం పరిగెత్తినా, ఆలోచించినా, నిద్రపోయినా కణాలు ఖర్చుపెట్టేది ఏటీపీనే. కండరాలు లాక్టిక్ ఆమ్లం బలంతో పనిచేస్తాయని అప్పటిదాకా పెద్దపెద్దవాళ్ళు నమ్మిన సిద్ధాంతం ఈ పరిశోధనల దెబ్బకు వెనక్కి తగ్గింది. 1930లో సుబ్బారావు గారికి హార్వర్డ్ పీహెచ్‌డీ ఇచ్చింది.

ఈ విజయాల వెనక ఒక లెక్క ఉంది. ఆయన ఓడ ఎక్కిన తరవాత ఊళ్ళో కొడుకు పుట్టాడు. ఏడాది నిండకముందే జబ్బు చేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. త్వరలో వస్తాననుకున్న మనిషి ఒక ప్రయోగం తరవాత మరొక ప్రయోగమంటూ ఉండిపోయారు. శేషగిరి గారు మళ్ళీ భర్తను చూడలేదు. గొప్పవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు ఈ ముక్కను చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాన్న పోస్టింగు ఒక చోట, మన చదువులు ఒక చోట ఉన్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. అందుకని మేము దాటేయలేకపోయాము. ఆ విజ్ఞానానికి ధర కట్టినవారిలో ఆమె కూడా ఒకరు.

కాలేయంలో దాగిన జవాబు

1940లో సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్ళో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడ పరిశోధన అంతా ఆయన చేతుల మీదుగా నడిచింది. పాత ప్రశ్న అక్కడ మళ్ళీ పైకి వచ్చింది: రక్తం పలచబడిపోయే జబ్బుకు కాలేయం తింటే గుణం కనిపిస్తోంది, కాలేయంలో పనిచేసేది ఏమిటి? అంతకుముందే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుతో చేసే ఆహారంలో దానిని నయం చేసే పదార్థమేదో ఉందని చూపించారు. సుబ్బారావు గారి బృందం 1945లో ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. దాని పేరు ఫోలిక్ ఆమ్లం. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు కూడా అది పనిచేసింది. సోదరులు పోయిన పాతికేళ్ళకు పైబడ్డాక జవాబు దొరికింది.

బళ్ళలో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. మన ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ పిల్లలకు వైద్యులు రోజూ వేసుకోమని రాసేవాటిలోనూ ఇది ఉంటుంది.

ఆ ప్రయోగశాలలో మరికొన్ని పనులు కూడా జరిగాయి. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలను తయారు చేశారు. వాటిలో ఒకదానితో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948లో బోస్టన్‌లో రక్తపు క్యాన్సరు ఉన్న పిల్లలకు తొలిసారి కొంతకాలం ఉపశమనం కలిగించగలిగారు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. మన దేశంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర అదే. సుబ్బారావు గారి పర్యవేక్షణలో పనిచేసిన వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ నేలలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందులలో అది మొదటిది.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు పోయారు. వయసు 53. ఏ ఆవిష్కరణకూ తన పేరు పెట్టుకోలేదు, చివరిదాకా అమెరికా పౌరుడు కాలేదు. 1995లో, శతజయంతి సంవత్సరంలో, భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

పేరులో ట్రాన్స్‌ఫర్ ఉన్న అణువు

ఇప్పుడు ఆ మిగిలిన అధ్యాయానికి వద్దాము. ఆయన పోయిన పదేళ్ళ లోపే, అదే బోస్టన్‌లో పాల్ జమెక్నిక్, మాలన్ హోగ్లండ్ అనే శాస్త్రజ్ఞులు కణంలో ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏను గుర్తించారు. తరవాత దానికి ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అని పేరు వచ్చింది. మన పుస్తకాల్లో టీ-ఆర్‌ఎన్‌ఏ.

దాని పని రైల్వే కాలనీ పిల్లలకు సులువుగా అర్థమవుతుంది. ప్రోటీను అంటే వరసగా తగిలించిన బోగీల రైలు. ఒక్కొక్క బోగీ ఒక్కొక్క అమైనో ఆమ్లం. ఏ బోగీ తరవాత ఏ బోగీ రావాలో చెప్పే పట్టిక ఎం-ఆర్‌ఎన్‌ఏ. బోగీలు తగిలించే యార్డు రైబోజోము. పట్టికలో మూడేసి అక్షరాలు చదివి సరైన బోగీని తెచ్చి అప్పగించేది టీ-ఆర్‌ఎన్‌ఏ.

అయితే టీ-ఆర్‌ఎన్‌ఏ పుట్టగానే పనికి రాదు. మన రాయపూర్‌లో వ్యాగన్ రిపేర్ షాపు ఉంది కదా. షాపులోకి వెళ్ళిన వ్యాగను అన్ని పరీక్షలూ దాటి, పక్కన గుర్తులు రాయించుకుని గాని పట్టాల మీదికి రాదు. టీ-ఆర్‌ఎన్‌ఏ సంగతీ అంతే. మొదట అది కావలసినదానికంటే పొడుగ్గా పుడుతుంది. ముందువైపు ఎక్కువ ముక్కను ఒక ఎంజైము కోసేస్తుంది. వెనకవైపు ముక్కను మరికొన్ని కోస్తాయి. కొన్నింటిలో మధ్యలో ఉన్న అనవసరపు ముక్కను కూడా తీసి, అతుకు వేస్తారు. తరవాత చివర సి, సి, ఏ అనే మూడు అక్షరాల తోక ఉండాలి. మన కణాల్లో ఆ తోకను ప్రత్యేకంగా తగిలిస్తారు. అమైనో ఆమ్లం పట్టుకునే కొక్కెం అదే. ఆ తోకలోని ఆఖరి అక్షరం ఎక్కడి నుంచి వస్తుంది? ఏటీపీ నుంచి. ఒక ఏటీపీ అణువు తన రెండు భాస్వరాలు వదిలి, తానే ఆ కొసగా మారిపోతుంది. కొక్కేనికి అమైనో ఆమ్లాన్ని తగిలించడానికి మరొక ఏటీపీ ఖర్చవుతుంది. సుబ్బారావు గారి మొదటి దారి ఇలా వచ్చి కలిసింది.

ఆ తరవాత గుర్తులు. ఆర్‌ఎన్‌ఏలో నాలుగే అక్షరాలని చదువుకున్నాము. టీ-ఆర్‌ఎన్‌ఏలో మాత్రం ఎంజైములు ఆ అక్షరాల మీద చిన్నచిన్న రసాయన మార్పులు చేస్తాయి. ఒక చోట మిథైల్ గుంపు అతికిస్తాయి, ఒక చోట అక్షరాన్ని తిప్పి బిగిస్తాయి, ఒక చోట గంధకం చేరుస్తాయి. ఇలాంటి మార్పులు వందకు పైగా రకాలు తెలుసు. కొన్ని గుర్తులు అణువును సరైన ఆకారంలో నిలబెడతాయి. కొన్ని మూడక్షరాల మాటను తప్పు చదవకుండా చూస్తాయి. రాబర్ట్ హోలీ బృందం 140 కిలోల ఈస్టు నుంచి ఒక్క గ్రాము శుద్ధమైన టీ-ఆర్‌ఎన్‌ఏ తీసి, 1965లో దాని అక్షరాల వరసను మొత్తం చదివినప్పుడే ఈ వింత అక్షరాలు అందులో కనిపించాయి. హోలీతో 1968లో నోబెల్ పంచుకున్న హరగోవింద్ ఖొరానా పుట్టిన ఊరి పేరు కూడా రాయపూరే. మన రాయపూర్ కాదు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబులోని పల్లె. తరవాత ఖొరానా బృందం ఒక టీ-ఆర్‌ఎన్‌ఏ జన్యువును అక్షరం అక్షరం కూర్చి, 1976లో అది సజీవ కణంలో పనిచేస్తుందని చూపించింది.

2018లో తెలిసినది

ఫోలిక్ ఆమ్లం ఒంట్లో చేసే పని ఏమిటంటే, ఒక్కొక్క కార్బన్ ఉన్న చిన్న ముక్కలను ఒక చోటి నుంచి తీసుకుని మరొక చోట అందించడం. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ అక్షరాలు కట్టడానికి ఆ ముక్కలు కావాలి. అది అందకపోతే కొత్త రక్తకణాలు సరిగా తయారుకావు. రక్తహీనత రావడానికి కారణం అదే. ఇది చాలాకాలంగా తెలిసినదే.

2018లో శాస్త్రజ్ఞులు మరొక సంగతి బయటపెట్టారు. మన కణాల్లో మైటోకాండ్రియాలు ఉన్నాయి. కణానికి కావలసిన ఏటీపీలో ఎక్కువ భాగం తయారయ్యేది అక్కడే. వాటికి సొంత టీ-ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. వాటిలో కొన్నింటి మీద, పట్టికను చదివే చోట, ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. ఆ గుర్తు వేయడానికి ఫోలేటు మోసుకొచ్చే కార్బన్ ముక్క కావాలి. మైటోకాండ్రియాలో ఆ కార్బన్‌ను అందించే ఎంజైమును తీసేసి చూశారు. గుర్తు పడలేదు. గుర్తు లేని టీ-ఆర్‌ఎన్‌ఏలు కొన్ని మాటల దగ్గర తడబడ్డాయి. యార్డులో పని నిలిచిపోయింది. ఏటీపీ తయారీకి కావలసిన ప్రోటీన్లు కరువయ్యాయి. కణానికి ఊపిరి ఆడనట్టయింది.

ఒకసారి ఈ వరసను నెమ్మదిగా చూద్దాము. ఫోలేటు లేకపోతే టీ-ఆర్‌ఎన్‌ఏ మీద గుర్తు లేదు. గుర్తు లేకపోతే ప్రోటీను లేదు. ప్రోటీను లేకపోతే మైటోకాండ్రియాలో ఏటీపీ లేదు. వరసకు ఈ చివర ఉన్నది సుబ్బారావు గారు 1945లో తన బృందంతో తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం. ఆ చివర ఉన్నది 1929లో ఆయన చూసిన ఏటీపీ. మధ్యలో ఉన్నది ఆయనకు తెలియని టీ-ఆర్‌ఎన్‌ఏ. పదహారేళ్ళ తేడాతో, రెండు ఊళ్ళలో, రెండు వేరువేరు ప్రశ్నల కోసం చేసిన పనులు నిజానికి ఒకే దారానికి రెండు కొసలని తేలింది.

మూడో దారి ఆరియోమైసిన్. ఆ జాతి మందులు బాక్టీరియా రైబోజోము దగ్గరికి వచ్చే టీ-ఆర్‌ఎన్‌ఏ కూర్చోవలసిన చోటికి అడ్డుపడతాయి. బోగీ తెచ్చిన టీ-ఆర్‌ఎన్‌ఏకు యార్డులోకి దారి దొరకదు. బాక్టీరియాకు ప్రోటీన్లు తయారు కాక పెరుగుదల ఆగిపోతుంది. ఆ మందు పనిచేస్తుందని 1948లోనే తెలుసు. ఎందుకు పనిచేస్తుందో తెలియడానికి ముందు టీ-ఆర్‌ఎన్‌ఏ అనేది ఒకటి ఉన్నదని తెలియాలి కదా.

మనకేమిటి

మనలో కొందరం ఇప్పటికే మూడు నాలుగు బళ్ళు మారాము. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ సగం చేసిన పని ఏదో ఒకటి వెనక మిగిలిపోతుంది: మొక్క నాటిన తోట, నేర్చుకుంటున్న వీణ, అప్పుడే కుదిరిన స్నేహం. ఇంతచేసీ ఏం లాభం అని ఒక్కోసారి అనిపిస్తుంది. సుబ్బారావు గారి జీవితం నిండా ఇలాంటి తెగిన కొసలే. పుట్టిన ఊరికి తిరిగి వెళ్ళలేదు, కొడుకును చూడలేదు, తను మొదలుపెట్టినవి ఎక్కడికి చేరాయో తెలుసుకోలేదు. అవన్నీ మంచికే జరిగాయని మేము అనము. శేషగిరి గారి వైపు నుంచి చూస్తే అలా అనడానికి నోరు రాదు.

కానీ ఒక్క మాట మాత్రం నమ్మకంగా చెప్పగలము. ఆయన ఏ ఊళ్ళో ఉన్నా అక్కడి పనిని కొలత తప్పకుండా, శుద్ధంగా చేశారు. 1925 నాటి నీలి రంగు కొలత సరిగ్గా ఉంది కాబట్టే 1929లో ఏటీపీ దొరికింది. 1945 నాటి ఫోలిక్ ఆమ్లం స్వచ్ఛంగా ఉంది కాబట్టే దాని మీద తరవాతివాళ్ళు నమ్మకంతో కట్టుకుంటూ పోయారు. కొసలు వదిలినవాడు ఒకరు, వాటిని దొరకబుచ్చుకుని ముడివేసినవాళ్ళు వేరొకరు. ముడి పడాలంటే ముందు కొస గట్టిగా ఉండాలి. ఆయన వదిలిన కొసలు గట్టివి.